అరకు రైలు: 130 కిలోమీటర్లకి నాలుగు గంటలా? కొలరాడోలో మార్చినట్టు మన లైనుని ఎందుకు మార్చరు?

సీతంపేట_సుధ
విశాఖ నుంచి అరకు రైలు దారిలో సుమారు 130 కి.మీ. మామూలుగానే నాలుగు గంటలు పడుతోంది. అద్దాల పెట్టెకి (విస్టాడోమ్) అంత డబ్బు పోసిన వాళ్లు కూడా స్టేషన్‌లో పక్క పట్టా, అంటే లూప్ లైనులో నిలబడి ఎదురుగా దిగే ఇనుప రాయి వ్యాగన్లని లెక్కపెట్టుకోవాల్సి వస్తోంది. అమెరికాలో, కొలరాడోలో డురాంగో–సిల్వర్టన్ లైను కూడా గనుల కోసం వేసిందే కదా. దాన్ని పూర్తిగా చూడ్డానికి వెళ్లే రైలుగా మార్చేశారు. అరకు మీదుగా పోయే మన కొత్తవలస–కిరండూల్ (కేకే) లైనుకి అందం తక్కువా? కొండలున్నాయి, 58 సొరంగాలున్నాయి, బొర్రా గుహలున్నాయి. ఇక్కడ అడ్డమేంటో లైను సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. పనిలో పనిగా, డిసెంబర్‌లో పెద్దావిడతో వెళ్లాలంటే ఏ బండి, ఏ పెట్టె, ఏ వైపో కూడా చెప్పండి.

ఎస్‌కోట_శీను
ముందు చివరి ప్రశ్నకి. కిరండూల్ వైపు రోజూ రెండు బళ్లున్నాయి. ఉదయం బయల్దేరే ప్యాసింజర్ ఒకటి, రాత్రి ఎక్స్‌ప్రెస్ ఒకటి. పేరులో ఎక్స్‌ప్రెస్ అని ఉంది కదా అని రాత్రిది బుక్ చేసేవాళ్లు చాలామంది. అది ఘాట్ ఎక్కేది చీకట్లో, ఏమీ కనపడదు. మీకు కావాల్సింది ఉదయం బండే. బుకింగ్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. డిసెంబర్ శని, ఆదివారాలకైతే ఆ రోజే చూసుకోండి.

పాత_వాల్తేరు
సుధ గారి ప్రశ్నలో చిన్న సవరణ. డురాంగో లైను "మారింది". మనది మారలేదు. రెండిటికీ తేడా అక్కడే ఉంది.

కేకే లైను పుట్టుకే ఎగుమతి కోసం. 1960లో జపాన్‌తో ఒప్పందం కుదిరింది. బైలడిల్లా కొండల నుంచి ఏడాదికి 40 లక్షల టన్నులు, కిరిబురు నుంచి 20 లక్షల టన్నుల ఇనుప ఖనిజం జపాన్ ఉక్కు మిల్లులకి పంపాలి. దానికోసం చేపట్టిందే దండకారణ్య–బోలంగీర్–కిరిబురు ప్రాజెక్టు, రైల్వే వాళ్ల నోట డీబీకే. అందులో పెద్ద ముక్క మన కొత్తవలస–కిరండూల్, సుమారు 446 కి.మీ. 1960ల మధ్యకల్లా తూర్పు కనుమలు తొలిచి పూర్తిచేశారు. విశాఖ ఔటర్ హార్బర్ కట్టింది కూడా ఈ ఖనిజాన్ని పెద్ద ఓడల్లోకి ఎత్తడానికే. తర్వాత ఉక్కు ఫ్యాక్టరీ వచ్చింది, దానికి రాయి కూడా ఈ దారిలోనే దిగుతోంది.

ప్రయాణికుల బండి ఈ లైనుకి మొదట్నుంచీ తోడుగా వచ్చిందే. అద్దాల పెట్టె 2017 ఏప్రిల్‌లో చేరింది. పెరంబూరులోని రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో తయారైంది, 40 సీట్లు, ఖర్చు 3 కోట్ల 38 లక్షలు. అది కూడా ఉన్న ప్యాసింజర్‌కి తగిలించిందే. ఆ పెట్టె కోసం విడిగా దారి ఏమీ కేటాయించలేదు.

గుంటూరు_గోపి
అంటే 60 ఏళ్ల కింద ఖనిజం కోసం వేశారు కాబట్టి ఇప్పటికీ మనుషులు ఆగాల్సిందేనా? ప్రయాణికుల బండికి ముందు దారి ఇవ్వడం దేశమంతా ఉన్న పద్ధతే కదా.

మూడో_ఇంజన్
గోపి, ప్రాధాన్యం కాగితం మీద ప్యాసింజర్‌కే ఉంటుంది. కానీ ఘాట్‌లో కాగితం కంటే వాలు గట్టిది. లెక్క చూడు.

శివలింగపురం నుంచి శిమిలిగుడ దాకా వాలు 60కి 1. అంటే 60 మీటర్లు పోతే ఒక మీటరు ఎత్తు. ఖనిజం నిండిన బాక్స్ఎన్ రకం వ్యాగన్ 81.28 టన్నులు. 58 వ్యాగన్ల రేకు (మొత్తం గూడ్సు బండి) అంటే దాదాపు 4,714 టన్నులు. అందులో 60వ వంతు, అంటే 78 టన్నుల బలం ఆ బండిని కిందకి లాగుతూనే ఉంటుంది. చక్రాల నిరోధం ఓ 8, 9 టన్నులు తీసేసినా 70 టన్నులు మిగులుతుంది. ఇంజన్లు దాన్ని కిందికి దిగినంతసేపూ పట్టి ఉంచాలి.

గాలి బ్రేకుతోనే దింపుదామంటే కుదరదు. బ్రేకు గొట్టంలో గాలి 5 కిలోల ఒత్తిడిలో ఉంటుంది. ఆ ఒత్తిడి తగ్గిస్తే ప్రతి వ్యాగన్ కింద ఉన్న చిన్న ట్యాంకు గాలి సిలిండర్‌లోకి వెళ్లి బ్రేకు పడుతుంది. వదిలి, వెంటనే మళ్లీ వేసి, మళ్లీ వదిలితే ఆ ట్యాంకు నిండే వ్యవధి దొరకదు. నాలుగైదు సార్లయ్యాక బ్రేకులో పస తగ్గిపోతుంది. అందుకే వేగాన్ని ఇంజన్ మోటార్ల బ్రేకుతో పట్టి, గాలి బ్రేకుని దాచుకుంటారు. దిగే బండిని మధ్య స్టేషన్లో ఆపితే అక్కడ నిలబెట్టడమే ఒక పని. హ్యాండ్ బ్రేకులు తిప్పాలి, చక్రాలకి అడ్డు పెట్టాలి, కదిలే ముందు ట్యాంకులన్నీ నిండేదాకా ఆగాలి. ప్యాసింజర్‌ని ఆపితే పోయేది పది నిమిషాలు. ఖనిజం బండిని ఆపితే ముప్పావు గంట పోవచ్చు, వెనకున్న బళ్లన్నీ నిలుస్తాయి. బళ్ల రాకపోకలు నడిపే కంట్రోలర్ ఆ లెక్క చూసుకునే ప్యాసింజర్‌ని లూప్‌లో పెడతాడు.

గుంటూరు_గోపి
ఇది నాకు తెలీదు. ఇంజన్ బలం చాలక మన బండి నెమ్మదిగా పోతుందనుకున్నా.

మూడో_ఇంజన్
అది కాదు. 15 పెట్టెల ప్యాసింజర్ 700 టన్నుల పైచిలుకు, ఇంజన్ 119 టన్నులు. ఈ వాలులో కిందికి లాగే బలం 14 టన్నుల లోపే. డబ్ల్యూఏజీ-5 రకం కరెంటు ఇంజన్ ఒక్కటే కదిలేటప్పుడు 33 టన్నులు లాగుతుంది, నిక్షేపంగా ఎక్కేస్తుంది. పక్క పట్టా మీద మూడేసి ఇంజన్లు వరసగా కనపడేది ఖనిజం రేకులకే. 1988లో స్వీడన్ ఏసియా నుంచి ఆరు, జపాన్ హిటాచీ నుంచి రెండు రకాలు ఆరేసి, 6,000 అశ్వశక్తివి డబ్ల్యూఏజీ-6 ఇంజన్లు తెప్పించింది ఇలాంటి బరువుల కోసమే. అవి వాల్తేరు షెడ్‌లోనే ఉండేవి.

పట్టాల_పరమేశం
వేగం తగ్గడానికి పట్టా కారణం కూడా ఉంది. అది ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తా.

ఘాట్‌లో 8 డిగ్రీల వంపులున్నాయి. బ్రాడ్‌గేజ్‌లో 1750ని డిగ్రీతో భాగిస్తే వ్యాసార్ధం మీటర్లలో వస్తుంది. 1750 ÷ 8 = సుమారు 219 మీటర్లు. వంపులో బయటి పట్టాని లోపలి పట్టా కంటే ఎత్తుగా వేస్తాం, దాన్ని కాంట్ అంటాం. ఇలాంటి వంపులో గంటకి 40 కి.మీ. బండికి సరిగ్గా సరిపోయే ఎత్తు 100 మి.మీ. దగ్గర వస్తుంది. 50కి పెంచితే 157 మి.మీ. కావాలి. 30కి తగ్గిస్తే 57 చాలు.

ఇప్పుడు అదే పట్టా మీద నింపాదిగా దిగే 4,700 టన్నుల రేకూ పోవాలి, ప్యాసింజరూ పోవాలి. ప్యాసింజర్ కోసం ఎత్తు పెంచితే ఖనిజం బరువంతా లోపలి పట్టా మీద పడుతుంది. ఆ పట్టా తల నలిగి పక్కకి పొంగుతుంది. రేకు కోసం తగ్గిస్తే ప్యాసింజర్ వేగానికి కట్టు పడుతుంది. అవసరానికి మించిన ఎత్తు 75 మి.మీ. దాటకూడదు, చాలని ఎత్తు కూడా 75 దాటకూడదు. ఈ రెండు గీతల మధ్యే మొత్తం సర్దాలి. చివరికి ఏ బండి పట్టాని ఎక్కువ తింటుందో దానికే పట్టా సర్దుతారు.

ఇంకో గుర్తు. 218 మీటర్లూ అంతకంటే ఇరుకూ అయిన వంపుల్లో లోపలి పట్టా పక్కన ఇంకో పట్టా వేస్తారు, చెక్ రైలు. బోగీ తలుపు దగ్గర కాకుండా, పట్టా కనిపించే అద్దంలోంచి వెనక్కి చూస్తే మూడో పట్టాలా కనిపిస్తుంది. అది కనిపించిందంటే ఈ లైనులో బాగా ఇరుకు వంపులో ఉన్నట్టే.

కెమెరా_కమల
"తలుపు దగ్గర కాకుండా" అన్నది అందరూ పాటించండి. సొరంగం గోడ తలుపుకి ఎంత దగ్గరో లోపల చీకట్లో తెలీదు.

సీతంపేట_సుధ
పరమేశం గారూ, 60కి 1 అన్నారు కదా మూడో ఇంజన్ గారు. వంపులో కూడా అంతేనా? వంపు వల్ల ఇంకా బరువు తోస్తుందిగా.

పట్టాల_పరమేశం
చక్కగా పట్టారు. వంపు నిరోధాన్ని లెక్కలోకి తీసుకుని అక్కడ వాలు తగ్గిస్తారు. బ్రాడ్‌గేజ్‌లో డిగ్రీకి 0.04 శాతం. 8 డిగ్రీలకి 0.32 శాతం. 60కి 1 అంటే 1.67 శాతం, అందులోంచి 0.32 తీస్తే 1.35. అంటే ఆ వంపులో అసలు వాలు 74కి 1 దగ్గర. ఇంజన్‌కి తిన్నటి దారీ వంపు దారీ ఒకేలా బరువనిపిస్తాయి. ఆ రోజుల్లో కొండ చుట్టూ లెవెల్ యంత్రాలు మోసుకు తిరిగి ఈ లెక్క నిలబెట్టారు. 1960లలో సర్వే చేసినవాళ్ల గొప్పతనం అది.

డెన్వర్_దుర్గ
డురాంగో–సిల్వర్టన్ గురించి చెప్తాను. సుధ గారు చెప్పిన పోలిక పైకి బాగుంటుంది, లోపలికి వెళ్తే రెండూ వేరు.

డెన్వర్ అండ్ రియో గ్రాండే కంపెనీ 1881లో డురాంగో చేరింది, 1882 జూలైలో సిల్వర్టన్ చేరింది. 45 మైళ్లు, అంటే 72 కి.మీ. పట్టాల మధ్య 3 అడుగులే. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ., అది 914. కొండ అంచున ఇరుకు గేజ్ అయితే వంపు ఇంకా ఇరుగ్గా తిప్పొచ్చు, తవ్వకం తగ్గుతుంది. వెండి, బంగారం రాయి దించడమే పని. 1893లో అమెరికా ప్రభుత్వం వెండి కొనే చట్టం రద్దు చేశాక ధర కూలింది. గనులు ఒక్కొక్కటే తగ్గిపోయాయి. 1960ల చివర్లో దానికి కలిసే ఇరుకు గేజ్ లైను వదిలేశారు, తర్వాత పట్టాలు పీకేశారు. ఈ 45 మైళ్లే విడిగా మిగిలింది. అప్పటికే ప్రయాణికులు చూడ్డానికి వస్తున్నారు కాబట్టే మిగిలింది. 1981లో కంపెనీ దాన్ని అమ్మేసింది, కొన్నాయన ఇప్పటి పేరు పెట్టి నడిపించాడు.

అక్కడ లూప్‌లో నిలబెట్టడానికి ఎదురు ఖనిజం బండే లేదు. గని పోయింది, బండి మిగిలింది.

పాత_వాల్తేరు
దుర్గ గారు చెప్పిన ఆఖరి మాటే ఇక్కడ తిరగేసి చూడండి. మన లైనులో గని పోతే బండి మిగులుతుందా?

గుంటూరు_గోపి
ఎందుకు మిగలదు? అక్కడ మిగిలిందిగా.

పాత_వాల్తేరు
అక్కడ 72 కి.మీ. ఇరుకు గేజ్. ఇక్కడ 446 కి.మీ. బ్రాడ్‌గేజ్, 58 సొరంగాలు, వెయ్యికి పైగా వంతెనలు, 25,000 వోల్టుల తీగ, ఏటా వానల్లో విరిగిపడే చరియలు. పట్టా మార్చాలన్నా, సొరంగం లోపల గోడ కారితే పూత వేయాలన్నా, చరియ మీద వల కట్టాలన్నా డబ్బు ఖనిజం టన్ను నుంచే వస్తోంది. 40 సీట్ల అద్దాల పెట్టె టికెట్లతో ఒక్క సొరంగం కూడా చూసుకోలేరు. ఆ గూడ్సు బండి మనల్ని ఆపుతోందని విసుక్కుంటాం. అది ఆగిపోతే మన బండి నడవదు.

గుంటూరు_గోపి
ఒప్పుకుంటా. అయినా రోజుకి ఒక్కసారి ఒక గంట కూడా ప్రయాణికులకి వదలలేరంటే నమ్మబుద్ధి కావట్లేదు.

మూడో_ఇంజన్
దానికి సరైన మందు రెండో లైను. కొత్తవలస–కోరాపుట్ రెండో లైను మంజూరై పనులు జరుగుతున్నాయి. అది ఘాట్‌లో పూర్తయితే ఎదురు బండి కోసం లూప్‌లో పడే ఆపులే తగ్గుతాయి. వంపుల వేగం మాత్రం పరమేశం గారు చెప్పిన లెక్కే.

డెన్వర్_దుర్గ
అరకు లైనులో కూడా డురాంగోలోలా ఆవిరి బండి ఎందుకు పెట్టరని ఎవరో ఒకరు అడుగుతారు, ముందే చెప్తా. డురాంగోలో ఒక్క బండి పోయి రావడానికి 6 టన్నుల బొగ్గు, 10 వేల గ్యాలన్ల నీళ్లు (38 వేల లీటర్లు) అయ్యేవి. బొగ్గు పొయ్యిలోకి మనిషే పారతో ఎత్తిపోయాల్సి వచ్చేది. ఎక్కేటప్పుడు దాదాపు మూడున్నర గంటలూ అదే పని. ఇంజన్లలో ముఖ్యమైనవి రెండు వరసలు: కె-28లు 1923వి, కె-36లు 1925వి. కె-28లు పది చేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో ఏడు అలాస్కా వైపు సైన్యం పట్టుకెళ్లింది. మిగిలిన మూడూ, 473, 476, 478, ఇవాళ్టికీ డురాంగోలోనే ఉన్నాయి. కె-36లు 480, 481, 482, 486.

చెడిపోతే సామాను ఎక్కడా దొరకదు. బాయిలర్ లోపలి గొట్టాలు, స్టే బోల్టులు, బుష్‌లు, అన్నీ అక్కడి వర్క్‌షాపులోనే చేసుకుంటారు. అమెరికా చట్టం ప్రకారం ఆవిరి బాయిలర్‌ని 1,472 సర్వీసు రోజులకి లేదా 15 ఏళ్లకి, ఏది ముందైతే దానికి, మొత్తం విప్పి చూడాలి.

పట్టాల_పరమేశం
1,472 రోజులు! ఆ అంకె ఎక్కడిదో?

డెన్వర్_దుర్గ
ఏడాదికి 368 చొప్పున నాలుగేళ్లు. మూడు నెలలకోసారి పరీక్ష ఉండేది, ఆ విడతలు 92 రోజులవి. 92ని 16 సార్లు వేస్తే 1,472.

ఎస్‌కోట_శీను
నిప్పురవ్వల సంగతి కూడా చెప్పండి. మన అడవిలో ఎండాకాలం వెదురు పొద ఒకటి అంటుకుంటే ఆగదు.

డెన్వర్_దుర్గ
అదే అసలు దెబ్బ. 2018 జూన్ 1న డురాంగో దగ్గర అడవి అంటుకుంది. 416 ఫైర్ అంటారు. 54 వేల ఎకరాల దాకా కాలింది. ఆవిరి ఇంజన్ పొగగొట్టం నుంచి పడ్డ నిప్పే కారణమని అటవీశాఖ దర్యాప్తులో తేలింది. అంతకు ముందు కూడా రైలు వెనకే నీళ్ల తొట్టితో చిన్న మోటారు బండి తిరిగేది, రవ్వ పడితే ఆర్పడానికి. ఆ ఏడాది అంత ఎండ, గాలి, ఎండు గడ్డి ఉన్నప్పుడు అది చాల్లేదు. తర్వాత ఇంజన్లని బొగ్గు నుంచి నూనెకి మార్చడం మొదలుపెట్టారు. పొయ్యి జల్లెడ తీసేసి బర్నర్ పెట్టడం, లోపల ఇటుక గోడ కట్టడం, ఇంజన్ వెనకుండే టెండర్లో నూనె తొట్టి అమర్చడం. నూనె మంటలో ఎర్రగా కాలే బొగ్గు ముక్కలు ఎగరవు, అందుకే అడవిలో ప్రమాదం బాగా తగ్గుతుంది. గొట్టాల్లో మసి పడుతుంది, దాన్ని వదిలించడానికి ఫైర్‌మన్ మధ్యలో పొయ్యిలోకి ఇసుక వదులుతాడు. అప్పుడు వచ్చే నల్లటి పొగ చూసి ఏదో చెడిపోయిందనుకుంటారు కొత్తవాళ్లు.

కెమెరా_కమల
ఫోటో వాళ్లకి ఆ నల్లపొగే పండగ.

మూడో_ఇంజన్
మన ఘాట్‌లో ఆవిరి బండి అంటే తీగ కింద సొరంగాల్లో పొగ. ఇన్సులేటర్ల మీద మసి పేరుకుంటే తడి వాతావరణంలో కరెంటు పైనుంచి పాకి, తీగ ట్రిప్ అవుతుంది. ఒక్క ట్రిప్‌తో ఆ సెక్షన్ అంతా నిలిచిపోతుంది. అక్కడితో ఆ ఆలోచన వదిలేయొచ్చు.

సీతంపేట_సుధ
వదిలేశా. ఇప్పుడు నా రెండో ప్రశ్న. విస్టాడోమా, మామూలు స్లీపరా? ఎడమా, కుడా?

కెమెరా_కమల
చూడ్డానికి విస్టాడోమ్, తీయడానికి మామూలు పెట్టె. అద్దంలో లోపలి లైటు ప్రతిబింబం పడుతుంది, సొరంగంలోంచి బయటికొచ్చిన మొదటి రెండు సెకన్లలో లెన్సు తెల్లబోతుంది. ఏసీ పెట్టె నుంచి తీయాల్సి వస్తే లెన్సు అంచుని అద్దానికి ఆనించండి, చుట్టూ నల్లటి గుడ్డ చుట్టండి. మామూలు పెట్టెలో కిటికీ తెరిచి తీస్తే ఇబ్బంది లేదు, చెయ్యి మాత్రం బయట పెట్టొద్దు.

వైపు సంగతి: లోయ ఒకే వైపు ఉండదు. బండి వంతెన దాటినప్పుడల్లా, కొండ ముక్కు తిరిగినప్పుడల్లా ఇటుది అటవుతుంది. విస్టాడోమ్‌లో సీటు తిప్పుకోవచ్చు కాబట్టి గొడవ లేదు. స్లీపర్ అయితే తోడున్నవాళ్లతో బొడ్డవర స్టేషన్ దాకా ఒక వైపు, తర్వాత మారుతూ కూర్చోండి.

డెన్వర్_దుర్గ
అదే డురాంగో నుంచి వెళ్లేవాళ్లయితే మొహమాటం లేకుండా కుడి వైపు తీసుకోండి. అనిమాస్ నది లోయ, హైలైన్ అనే అంచు, చాలావరకు ఎక్కేటప్పుడు కుడివైపే. కప్పు మాత్రమే ఉండి పక్కలు తెరిచిన గొండోలా పెట్టెలో కూర్చునేవాళ్లు కళ్లద్దాలు పెట్టుకోవాలి. సిల్వర్టన్ ఎత్తు 9,318 అడుగులు. జూలైలో కూడా చలి ఉంటుంది, నీళ్లు తరచూ తాగుతూ ఉండాలి. చలికాలం బండి సిల్వర్టన్ దాకా పోదు, 26 మైళ్ల దగ్గర కాస్కేడ్ కాన్యన్ నుంచే తిరిగొస్తుంది. డెన్వర్ నుంచి డురాంగోకి కారులో ఆరు, ఆరున్నర గంటలు. ఒకే రోజులో రైలు, కారు కలపాలని చూడకండి.

సీతంపేట_సుధ
శిమిలిగుడ దగ్గర బోర్డు చూశా ఫోటోల్లో. దేశంలోకెల్లా ఎత్తైన బ్రాడ్‌గేజ్ స్టేషన్ అని. నిజమేనా?

పాత_వాల్తేరు
996.32 మీటర్లు. చాలా కాలం అదే రికార్డు. కశ్మీర్ లోయలో బ్రాడ్‌గేజ్ వచ్చాక అక్కడి స్టేషన్లు దాన్ని దాటేశాయి. అరకు శిమిలిగుడ కంటే కిందే ఉంటుంది, అంటే మీరు శిమిలిగుడ దాటాక బండి దిగుతుంది. నిద్రపోయేవాళ్లని శిమిలిగుడకి ముందే లేపండి. త్యాడ, చిమిడిపల్లి, బొర్రా, కరకవలస, శిమిలిగుడ, ఇదే వరస.

ఎస్‌కోట_శీను
వానాకాలం ఎలాగో కూడా చెప్పాలి. జలపాతాలు, పచ్చదనం అప్పుడే బాగుంటాయి, నమ్మకం లేనిదీ అప్పుడే. బండరాయి పట్టా మీద పడితే ఆ రోజు బండి మధ్యలోనే తిరిగిపోతుంది.

పట్టాల_పరమేశం
వానల్లో ఆ సెక్షన్‌ని కాపాడేది నడిచే మనిషి. పట్టా వెంట గస్తీ తిరిగే ఒక్కో పెట్రోల్‌మన్‌కి ఒక్కో బీటు ఉంటుంది. ఎర్ర జెండా, ఆకుపచ్చ జెండా, లాంతరు, టార్చి, ఈల, పేలే డిటొనేటర్ల డబ్బా మోసుకుంటూ తిరుగుతాడు. చరియ పడ్డట్టు కనిపిస్తే 600 మీటర్ల దగ్గర ఒక డిటొనేటర్, 1200 మీటర్ల దగ్గర పదేసి మీటర్ల ఎడంలో మూడు పెట్టాలి. చక్రం ఎక్కగానే పేలుతుంది, లోకో పైలట్ ఆపేస్తాడు. ఒంటి లైను కాబట్టి రెండు వైపులా పెట్టాలి. ఎటునుంచి ముందు బండి వస్తుందో అటు మొదట పరుగెత్తాలి. పాత కొండ కోతల దగ్గర, జారే మట్టి ఉన్న చోట్ల రాత్రీ పగలూ కదలని కాపలా వేరే ఉంటుంది. అద్దాల పెట్టెలో కూర్చున్నప్పుడు పట్టా పక్కన జెండా పట్టుకుని నిలబడ్డ మనిషి కనిపిస్తే చెయ్యి ఊపండి.

కెమెరా_కమల
చరియలు ఎందుకంత పడతాయి అక్కడ?

పట్టాల_పరమేశం
కొండ కోసినప్పుడు కొత్తగా బయటపడ్డ రాయి ఎండకీ వానకీ పగులుతూ ఉంటుంది. పగుళ్లలో నీళ్లు దిగి మట్టి మెత్తబడుతుంది. పైన చెట్ల వేళ్లు ఆ పగుళ్లనే వెడల్పు చేస్తాయి. నీరు పక్కకి పోయే కాలువ పైనే తీయాలి, కోత అంచు మీదుగా కిందకి కారకూడదు. ఆ కాలువ ఆకులతో పూడుకుపోతే ఎంత గట్టి వల కట్టినా లాభం లేదు. వానలకి ముందే వదులు రాళ్లని గడ్డపారలతో తోసి దించేస్తారు.

గుంటూరు_గోపి
తిరుగు ప్రయాణం ఎందుకు అంత ఆలస్యం? వెళ్లేటప్పుడు ఫరవాలేదంటున్నారు అందరూ.

ఎస్‌కోట_శీను
వెళ్లేటప్పుడు బండి విశాఖలో పుట్టి మీ దగ్గరికి వస్తుంది. వచ్చేటప్పుడు కిరండూల్ నుంచి, దంతెవాడ, జగదల్‌పూర్, కోరాపుట్ దాటుకుని, 300 కి.మీ. పైగా ఖనిజం బళ్ల మధ్య ఈదుకుంటూ అరకు చేరాలి. భద్రత కారణాల వల్ల ఒక్కోసారి దంతెవాడ నుంచే మొదలవుతుంది కూడా. అందుకే అరకులో దిగి చూసినవాళ్లు రోడ్డు మీద దిగిపోవడమే మేలు. అరకు నుంచి బొర్రా 36 కి.మీ., మధ్యలో కాఫీ తోటలు, గాలికొండ. రైల్లో ఎక్కండి, రోడ్డు మీద దిగండి.

పాత_వాల్తేరు
నా బాధ ఒకటుంది. 2025 ఫిబ్రవరిలో వాల్తేరు (విశాఖ) డివిజన్‌ని విడదీయాలని నిర్ణయించినప్పుడు కొత్తవలస–బచేలి సెక్షన్‌ని రాయగడ డివిజన్‌కి ఇచ్చారు. అంటే అరకు బండి కొత్త దక్షిణ కోస్తా జోన్‌లోని విశాఖలో పుట్టినా, అది ఎక్కే ఘాట్ తూర్పు కోస్తా జోన్‌లో ఉంటుంది. విశాఖ ప్రయాణికుల అవసరం చూసే ఆఫీసూ, పట్టా చూసే ఆఫీసూ వేరైపోయాయి. రెండో అద్దాల పెట్టె కావాలన్నా, సమయం మార్చాలన్నా ఇక రెండు జోన్లు మాట్లాడుకోవాలి. కనీసం అరకు దాకా అయినా విశాఖ డివిజన్‌లో ఉండాల్సింది.

మూడో_ఇంజన్
ఇక్కడ నేను ఒప్పుకోను. ఖనిజం రేకు బచేలిలో నిండి ఘాట్ దిగే దాకా ఒకే కంట్రోల్ చేతిలో ఉండటం మంచిది. అరకు దగ్గర చెయ్యి మారితే దిగుడు మొదలయ్యే చోటే రెండు కంట్రోళ్లు మాట్లాడుకోవాలి. ఘాట్ పైన అలాంటిది వద్దు.

పాత_వాల్తేరు
భద్రత వరకు మీ మాట నిజం. ప్రయాణికుల వరకు నా మాట నిజం. పర్యాటక పెట్టెలకి ఒక ఉమ్మడి ఏర్పాటు చేస్తే రెండూ కుదురుతాయి.

పట్టాల_పరమేశం
డోర్నకల్–కొత్తగూడెం లైను కూడా బొగ్గు కోసమే వేశారు. ఇవాళ దాని మీదే భద్రాచలం యాత్రికులు వెళ్తున్నారు. అక్కడా ఒకే పట్టా మీద బొగ్గూ, భక్తులూ.

సీతంపేట_సుధ
సరే, ఇలా అనుకుంటున్నా. డిసెంబర్, ఉదయం బండి, విస్టాడోమ్, అరకులో ఒక రాత్రి, మర్నాడు కారులో దిగడం. పెద్దావిడని బొర్రాలో దించి గుహలు చూపించి, మళ్లీ అక్కడినుంచి అరకు తీసుకెళ్లొచ్చా?

ఎస్‌కోట_శీను
వద్దు. బొర్రాలో బండి ఆగేది కాసేపే, సామానుతో పెద్దావిడని దించడం కష్టం. గుహల లోపల మెట్లు చాలా ఉంటాయి, తడిగా ఉంటాయి. అరకు దాకా సీట్లోనే ఉంచండి. గుహలు మర్నాడు దిగేటప్పుడు కారులో. ఆవిడ పైన బయటే కూర్చుని కాఫీ తాగుతారు, మీరు లోపలికి వెళ్లి రండి. విస్టాడోమ్‌లో ఒక చివర నిలబడి చూసే గది ఉంటుంది, ఆ రోజు పెట్టె ఏ దిక్కుకి తగిలించారో ఎక్కాక చూసుకోండి. స్వెట్టరు విశాఖలో అనవసరం అనిపిస్తుంది. సంచి అడుగున కాకుండా పైనే పెట్టండి, త్యాడ దాటగానే కావాలి.